బడి భోజనములో మన చోడి

చోడి అంబలి త్రాగి పొలమునకు పోవుట శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతములలో మన పెద్దలకు అలవాటు. ఆ చోడియే ఇప్పుడు జావగా బడిపిల్లల ముందుకు వచ్చినది. 2023 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వము మధ్యాహ్న భోజన పథకమునకు తోడుగా వారమునకు మూడు దినములు ఉదయము పూట రాగి జావ ప్రవేశపెట్టినది. 2024లో ఈ పథకమునకు, ఆకలిగొని వచ్చిన వారికెల్ల అన్నము పెట్టిన కోనసీమ ఇల్లాలు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు.

ఈ ఖర్చు ఎవరిదని రైతులు నన్ను అడుగుచుందురు. బియ్యము కేంద్రము ఉచితముగా ఇచ్చును. పప్పు, కూర, నూనె, మసాలా, వంటచెరకులకు అగు ఖర్చులో కేంద్రము నూటికి 60 పాళ్ళు, రాష్ట్రము 40 పాళ్ళు భరించును. 2025 మే నుండి ఇందుకు ప్రాథమిక పాఠశాల పిల్లవానికి దినమునకు 6 రూపాయల 78 పైసలు, 6 నుండి 8 తరగతుల వానికి 10 రూపాయల 17 పైసలు నిర్ణయించినారు. గ్రుడ్డు, చిక్కీ, జావ రాష్ట్రము అదనముగా చేర్చినవి.

ఆ 6 రూపాయల 78 పైసలతోనే చిన్నపిల్లవానికి 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె అందవలెను. కూరగాయల ధర మండిన నెలలో ఏమగునో సంతకు పోవు రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. పప్పు పలుచనగును. అట్టి దినములలో జావ విలువ తెలియును. వంద గ్రాముల చోడిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా, అంతే బియ్యములో పది మిల్లీగ్రాములకు మించి ఉండదు.

ఒక లెక్క చూడుడు. పిల్లవానికి పూటకు 10 గ్రాముల పిండి అనుకొన్నచో నూరుగురు పిల్లల బడికి దినమునకు ఒక కిలో, ఏడాదిలో 110 జావ దినములకు క్వింటాలు పైచిలుకు. ఎకరమునకు ఆరు క్వింటాళ్ళు పండినను అయిదు బడులకు సరిపోవును. కావున ఇది ఒక్కొక్క రైతు కన్నా సంఘముగా చేరి చేయదగిన బేరము. ఈ పథకములో రైతు ఉత్పత్తిదారుల సంఘములకు, మహిళా సంఘములకు చోటు కల్పించవలెనని 2021లో కేంద్రము చెప్పియే యున్నది.

అయితే సరుకు శుభ్రముగా ఉండవలెను. ఒకచోట నేను జావ రుచి చూడగా పంటిక్రింద ఇసుక తగిలినది. పిల్లలు సగము త్రాగి పారబోసినారు. చోడిని తారురోడ్డుపై పరచి బండ్లచేత తొక్కించినచో ఇట్లే అగును. గింజ ఆవగింజంత గనుక దానిలో కలిసిన ఇసుక తూర్పారబట్టినను పోదు. టార్పాలిన్ పైననే నూర్చవలెను. తేమ నూటికి 12 పాళ్ళకు దిగువరకు ఎండబెట్టి, జల్లెడపట్టి, క్రొత్త సంచులలో నింపవలెను. విత్తనమునకు విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానము రూపొందించిన వేగావతి, ఇంద్రావతి రకములు అనుకూలము. నారు పోయుటకు ముందే సంఘమువారు ఎంత చోడి ఇయ్యగలరో వ్రాసికొని మండల వ్యవసాయాధికారిని, మండల విద్యాధికారిని కలిసి మాట్లాడుకొనవలెను. పంట ఇంటికి వచ్చిన తరువాత పోయినచో ఆ ఏటికి ఆలస్యమగును.