మీకు తెలుసా? ‘ఫ్లోరైడ్’ జర్నల్ మెడ్‌లైన్‌లో లేదు

అచ్చంగా ఫ్లోరైడ్ గురించే 1968 నుంచి వస్తున్న జర్నల్ ఒకటుంది. దాని పేరు కూడా ‘ఫ్లోరైడే’. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టినవాళ్లు సాధారణంగా ముందు తెరిచేది అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే మెడ్‌లైన్ డేటాబేస్. అందులో ఈ జర్నల్‌ను చేర్చుకోలేదు. వెబ్ ఆఫ్ సైన్స్ అనే మరో డేటాబేస్ చేర్చుకుంది. ఏ జర్నల్‌ని తీసుకోవాలో నిపుణులు చూసి నిర్ణయించడం సబబే. కానీ ఒక పేపర్‌లో పస ఉందో లేదో తేల్చుకోవాలన్నా ముందది కంటపడాలి కదా.

పైగా ఈ జబ్బు ఒక్క వైద్యుల చేతిలో ఉండే విషయం కాదు. నల్గొండ వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. వంగిపోయిన కాళ్ల సంగతి ఎముకల డాక్టర్ల జర్నల్స్‌లో ఉంటే, మచ్చలు పడ్డ పళ్ల సంగతి డెంటల్ జర్నల్స్‌లో ఉంటుంది. రాళ్లలోని ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి ఎలా దిగుతుందో రాసేది భూగర్భ శాస్త్రవేత్తలు. పటిక, సున్నం కలిపి ఆ నీటిని బాగుచేసే ‘నల్గొండ టెక్నిక్’ నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ పని. దాని కోసం నీటి ఇంజనీరింగ్ జర్నల్స్ తిరగేయాలి. వైద్యం డేటాబేస్ ఒక్కటే చూసి లిటరేచర్ రివ్యూ రాస్తే, జబ్బు దొరుకుతుంది గానీ నీళ్లు దొరకవు.

ఈ చెదురుమదురు వ్యవహారాన్ని మొదట లెక్కగట్టినవాడు లండన్ సైన్స్ మ్యూజియం లైబ్రరీలో పనిచేసిన శామ్యూల్ బ్రాడ్‌ఫర్డ్. 1934లో ఆయన అనువర్తిత భూభౌతిక శాస్త్రానికి సంబంధించిన 1,332 వ్యాసాలను తీసుకుని, ఏది ఏ జర్నల్‌లో వచ్చిందో చూశాడు. మొత్తం 326 జర్నల్స్ తేలాయి. అందులో తొమ్మిదంటే తొమ్మిది జర్నల్స్‌లోనే 429 వ్యాసాలున్నాయి. తర్వాతి 59 జర్నల్స్‌లో 499. మిగిలిన 404 వ్యాసాలు 258 జర్నల్స్‌లో ఎక్కువగా ఒకటీ రెండుగా చెల్లాచెదురయ్యాయి. పేరున్న తొమ్మిదింటినీ చేర్చుకుని ‘ఈ రంగం మా దగ్గర ఉంది’ అని ఏ డేటాబేస్ అయినా చెప్పుకోవచ్చు. మూడింట రెండు వంతులు బయటే ఉండిపోతాయి.

మరి ఏ డేటాబేస్ ఎంత పట్టిందో తెలుసుకునేదెలా? జర్నల్స్ సంఖ్య చూసి మోసపోకండి. మీ రంగంలో మంచి రివ్యూ ఆర్టికల్ ఒకటి పట్టుకోండి. దాని చివర్న ఉన్న రిఫరెన్సులను ఒక్కొక్కటే డేటాబేస్‌లో కొట్టి, దొరికినదానికి టిక్కు పెట్టండి. వందలో ఒకదాంట్లో 80, ఇంకోదాంట్లో 60 దొరికాయనుకుందాం. ఆ 60 దాన్ని పక్కన పడేయకూడదు. మొదటిదాంట్లో దొరకని 20లో 15 అక్కడ ఉన్నాయేమో చూడండి. ఉంటే, మీకు రెండూ కావాలి. గూగుల్ స్కాలర్‌లో టిక్కులు ఎక్కువే పడతాయి. అయితే ఒక వెతుకులాటకు వెయ్యికి మించి ఫలితాలు చూపించదు, ఏయే జర్నల్స్‌ని చూస్తుందో జాబితా కూడా ఇవ్వదు.

జర్నల్ ఉన్నా, ఏ ఏడాది నుంచి ఉందన్నది మరో సంగతి. దీని విలువ ఒక ప్రాణంతో తెలిసింది. 2001లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఉబ్బసం మీద ఒక ప్రయోగం జరిగింది. ఏ జబ్బూ లేని 24 ఏళ్ల యువతి తనంతట తాను ముందుకొచ్చి, అందులో భాగంగా హెక్సామెథోనియం అనే మందు పీల్చింది. ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ప్రయోగానికి ముందు పరిశోధకుడు మెడ్‌లైన్‌ను వెతికిపెట్టే పబ్‌మెడ్‌లో వెతికాడు. అప్పట్లో అక్కడ మామూలుగా వెతికితే 1966 నుంచే వచ్చేవి. ఆ మందుకూ ఊపిరితిత్తుల జబ్బుకూ ఉన్న సంబంధం మీద వ్యాసాలు 1950ల జర్నల్స్‌లో అచ్చై, లైబ్రరీ బీరువాల్లో ఉన్నాయి.

ఇప్పుడు మెడ్‌లైన్ 1946 దాకా వెనక్కి వెళ్తుంది. మన ఫ్లోరోసిస్‌కి అదీ చాలదు. దేశంలో ఈ జబ్బు గురించిన తొలి నివేదికల్లో ఒకటి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. ఆ గెజిట్ పాత సంచికలను స్కాన్ చేసి పబ్‌మెడ్ సెంట్రల్‌లో పెట్టారు కాబట్టి నేడు ఫోన్‌లోనే ఉచితంగా చదవొచ్చు. తెరవగానే శీర్షికలోనే కనిపిస్తుంది, నెల్లూరు జిల్లా పేరు.