సవతి కూతురా, ఇంటి కూతురా?



మా ఆదివారపు తెలుగు తరగతిలో ఒకసారి పిల్లలను ఇంటివారి పేర్లు, వరుసలు వ్రాయమన్నాము. తల్లిని పోగొట్టుకున్న ఒక బాలిక అన్నీ వ్రాసి, తండ్రి రెండవ భార్య పేరు ప్రక్కన చోటు ఖాళీగా వదిలినది. “అమ్మ అని వ్రాస్తే మా అమ్మను మరచిపోయినట్లు కాదా?” అని అడిగినది. సమాధానము మన భాషలోనే ఉన్నది.

మారు పెళ్ళి కుటుంబాలు మనకు క్రొత్త కావు. 1860 నుండి 1911 వరకు ఒక లక్షా యాభై వేల మందికి పైగా భారతీయులు కూలి ఒప్పందముపై నేటాలుకు వచ్చినారు. చెరకు తోటలలో భార్యను పోగొట్టుకున్నవారు, భర్తను పోగొట్టుకున్నవారు ఉన్న పిల్లలతోనే మరల ఇల్లు నిలుపుకొన్నారు. మనలో కొందరము అటువంటి ఇండ్ల సంతానమే.

సవతి అనే మాటలోనే పోటీ ఉన్నది. అందువలన మన పెద్దలు ఇంట్లో ఆ మాట వాడక, మారుటి తల్లిని “పిన్ని” అని పిలిపించేవారు. పిన్ని అంటే తల్లి చెల్లెలు. ఆమె అమ్మ స్థానమును లాగుకొనదు, అమ్మ ప్రక్కన నిలుస్తుంది. ఇంకొక మేలు కూడా ఉన్నది. మన వరుసలలో పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రే అవుతారు. పిన్ని అన్న ఒక్క పిలుపుతో ఆమె వెంట వచ్చిన పిల్లలు కూడా తోబుట్టువులవుతారు.

అయితే క్రొత్త బంధము కొరకు పాతది త్రెంచరాదు. పెళ్ళిలో వధువును గంపలో కూర్చుండబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. తల్లి పోయినదని అమ్మమ్మ ఇంటికి రాకపోకలు మాన్పిస్తే, రేపు ఆ గంప ఎవరు మోస్తారు? తల్లి పుట్టింటివారిని పండుగలకు పిలవడము పిన్నికి చిన్నతనము కాదు, పెద్దరికము.

స్నేహితురాండ్ర సంగతి కూడా మరువరాదు. ఇంట్లో చెప్పలేని మాట ఆడపిల్ల స్నేహితురాలికి చెప్పుకొంటుంది. ఇల్లు మారినా వీలైనంతవరకు బడి మార్చకండి. ఆ స్నేహితురాలిని భోజనానికి పిలవండి.

ఇక ఒక ముఖ్యమైన మాట. ఈ దేశములో 1987 నాటి వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేకుండా మరణించినవారి ఆస్తిలో సవతి బిడ్డకు వాటా రాదు. చట్టబద్ధముగా దత్తత తీసుకొంటేనే వస్తుంది. ప్రేమ ఉన్నంత మాత్రాన చాలదు. వీలునామాలో ఆమె పేరు వ్రాయించండి.

మరుసటి ఆదివారము ఆ బాలిక పుస్తకము తెచ్చినది. ఖాళీ చోట “పిన్ని” అని ఉన్నది. దాని క్రింద పిన్ని కొడుకు పేరు, ప్రక్కన “తమ్ముడు” అని ఉన్నది. పైన అమ్మ పేరు ఎప్పటివలెనే ఉన్నది.

మీ ఇంట్లో అటువంటి ఖాళీ చోటు ఉంటే, మీరు కూడా నింపగలరని మా ప్రార్థన.