సరస్సు అందరిది, రీలు ఒక్కనిది

కోమో సరస్సు రీలు మీ ఫోన్లకు కూడ వచ్చే ఉంటది. నిగనిగలాడే చెక్క పడవ, వెనక మెత్తటి సీటు మీద నల్లద్దాల జంట, రెండు దిక్కుల పచ్చటి గుట్టలు, గుట్టల కింద నీళ్లను ఆనుకొని బంగ్లాలు. 2018 నవంబర్ల దీపికా పదుకొణె, రణ్‌వీర్ సింగ్ ఆ సరస్సు ఒడ్డుకే పెండ్లి చేసుకున్నంక మనోళ్ల నోట్లె కూడ కోమో పేరు నానవట్టింది.

ఆ పడవ నేను ఎక్కిన. అబద్ధం ఎందుకు, మంచిగనే ఉన్నది. కాని దిగినంక పైసల లెక్క చూసుకుంటే కొన్ని ముచ్చట్లు సమజైనయి. అవి మీకు చెప్పాలనే ఈ రాత.

2024 మే నెలల కూలీ రైతుల బాధల మీద ఒక సమావేశం ఉంటే మిలాన్ పోయిన. మా పక్క ఊరి పిలగాడు ఒకడు ఆడ ఎమ్మెస్ చదువుతున్నడు. పగలు కాలేజీ, రాత్రి హోటల్ల గిన్నెలు కడుగుడు. "అన్నా, గింత దూరమొచ్చి కోమో చూడకుంట పోతవా?" అని పట్టువట్టిండు. వాని రూములున్న ఇంకో ముగ్గురు కలిసిండ్రు. మొత్తం ఐదుగురం. గంటకు 200 యూరోలని ఒక బోటు మాట్లాడినం. తలా నలభై.

అప్పటి లెక్కల యూరోకు తొంభై రూపాయలు. అంటే గంటకు పద్దెనిమిది వేలు. ఆ ఏడు మన తెలంగాణల ఉపాధి హామీ కూలి రోజుకు 300. ఒక మనిషి అరవై రోజులు మట్టి మోస్తె వచ్చే పైసలు ఒక్క గంటల నీళ్ల మీద కరిగినయి.

ముందుగాల సరస్సు సంగతి చెప్త. ఇటలీకి ఉత్తరాన, ఆల్ప్స్ కొండల కింద, లొంబార్డీ ప్రాంతంల ఉన్నది కోమో. మిలాన్‌ల రైలెక్కితే గంటలోపే దిగుతం, టికెట్టు సుమారు ఐదు యూరోలు. పటంల చూస్తే ఇంగ్లీషు వై అక్షరాన్ని తలకిందులు చేసినట్టు మూడు పాయలుంటయి. ఎన్నో వేల ఏండ్ల కింద మంచు గడ్డలు కొండలను దొలుచుకుంట జారితే లోయలు పడ్డయి, ఆ లోయల నీళ్లు నిలిచి సరస్సయింది. విస్తీర్ణం 146 చదరపు కిలోమీటర్లు. లోతు 400 మీటర్ల పైననే. ఉత్తరం కొసకు అద్దా అనే నది వచ్చి కలుస్తది, లెక్కో పట్నం దగ్గర మళ్ల బయటికి పోతది. మన చెరువు లెక్కనే: ఒక దిక్కు వాగు, ఇంకో దిక్కు అలుగు.

ఇగ ప్రైవేట్ బోటు టూరు అంటే ఏంది? మనం ఆటోను గుత్తకు మాట్లాడుకున్నట్టే. బోటు, నడిపే మనిషి, పెట్రోలు కలిపి గంటల లెక్కన కిరాయి. నలుగురు ఎక్కినా అంతే, ఒక్కడు ఎక్కినా అంతే. సొంతంగ నడుపుకుంటమంటే 18 ఏండ్లు నిండినోళ్లకు 40 హార్స్‌పవర్ లోపు చిన్న బోటు లైసెన్సు లేకున్నా కిరాయికి ఇస్తరు. గంట తీసుకుంటే కోమో పట్నం చుట్టుపక్కల ఊర్లే చూపిస్తరు. రీళ్లల్ల కనవడే బెల్లాజియో, పెండ్లి జరిగిన బంగ్లా సరస్సు నడుమ ఉంటయి. ఆడిదాక పోయి రావాలంటే గంట సాలదు, కిరాయి ఇంకా పెరుగుతది. ఈ ముక్క మాకు బోటెక్కినంక తెలిసింది.

బోటు నడిపే ఆయనకు యాభై దాటి ఉంటయి. తాత కాలం నుంచి నీళ్ల మీదనే బతుకు. మంచి మనిషి. మా పిలగాడు ఇటాలియన్ మాటలు తెలుగుల చెప్పుకుంట వచ్చిండు. ఈ సరస్సుకు రెండు గాలులున్నయంట. పొద్దుగాల ఉత్తరం నుంచి వీచేది తివానో, పగటీలి దక్షిణం నుంచి వీచేది బ్రేవా. ఏ గాలి ఎప్పుడు మలుగుతదో చూసుకొనే తరతరాలుగ పడవలు నడిపిండ్రు. మన చేపలోళ్లు మబ్బు చూసి వల సర్దుకున్నట్టు.

ఆయన చూపించిందంతా బంగ్లాలే. ఇది విల్లా ఓల్మో అన్నడు. అది కోమో మునిసిపాలిటీది, తోటల ఎవలైనా తిరగొచ్చు. ఇంకింత ముందుకు పోతే చెర్నోబ్బియోల విల్లా దేస్తే. 1568ల ఒక చర్చి పెద్ద కట్టించుకున్నడు, 1873 నుంచి హోటలైంది. ఆ తర్వాత లాలియో అనే చిన్న ఊరు. ఆడ హాలీవుడ్ హీరో జార్జ్ క్లూనీ బంగ్లా ఉన్నది. బోటు ఆడ నెమ్మది కాలే. ఎందుకని అడిగితే, ఆ ఇంటి ముందట బోటు ఆపితె జరిమానా అన్నడు. 2015ల ఆ ఊరి మేయర్ ఉత్తర్వు తీసిండు, 500 యూరోల దాకా జరిమానా.

మనిషి ఎంత పెద్దోడైనా ఇంట్ల సుఖంగ ఉండనియ్యాలె, అది నేను కాదన. నాకు తట్టిన ముచ్చట వేరే. ఇటలీల 1942 నాటి పౌర చట్టం 822వ అధికరణం ప్రకారం సరస్సులు సర్కారు ఆస్తి, అంటే జనం ఆస్తి. నీళ్లు ఎవ్వని సొంతం కావు. కాని గట్టు పొడుగునా బంగ్లాలు, తోటలు, ప్రహరీలు. రోడ్డు మీద నడిచేటోనికి చానా జాగల గోడలే కనవడ్తయి. బంగ్లా మొఖం నీళ్ల దిక్కే ఉంటది. అందుకే ఇన్ని బోట్లు. నీళ్లు అందరివే, ఆ నీళ్ల మీదికెళ్లి చూసుడు కొనుక్కోవాలె.

మరి మేము 200 యూరోలు దేనికిచ్చినం? పెట్రోలుకు కొంత, బోటు నడిపినాయన కష్టానికి కొంత. అది న్యాయమే. మిగిలింది దేనికంటే, పక్కన ఇంకొకడు కూసోకుండ ఉండేతందుకు. ప్రైవేట్ అనే మాటకు అర్థం గంతే.

మళ్లి వచ్చేటప్పుడు గట్టుకు కట్టేసిన ఒక పాత పడవ కనవడ్డది. పైన మూడు కట్టె కమానులు, మన గూడుబండికి వంచిన బద్దల లెక్క. ఎండకు వానకు వాటి మీద బట్ట కప్పేటోళ్లంట. ఆ పడవను జనం లూచియా అంటరు. ఆ పేరు ఎందుకొచ్చిందంటే, మాంజోనీ అనే రచయిత నవల ఒకటున్నది, మొదట 1827ల వచ్చింది. ఇటలీల బడి పిల్లలు దాన్ని సదువుతరు. అండ్ల లూచియా ఒక పేద పల్లె పిల్ల. ఆమెకు రెన్జో అనే పట్టు పనోనితోని లగ్గం కుదురుతది. ఆ ఊరి దొర కన్ను ఆమె మీద పడ్తది. లగ్గం చేసే సామిని బెదిరించి ఆపిస్తడు. ఇగ ఊర్ల బతకలేమని ఇద్దరు, ఆమె తల్లి కలిసి రాత్రికి రాత్రి పడవెక్కి సరస్సు దాటి పోతరు. ఈ కత మనకు ఎవలన్న చెప్పాల్నా? మన తాతలు దొర గడీ ముందట చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోళ్లే.

దొరకెళ్లి తప్పించుకున్న పిల్ల పేరు ఆ పడవకు మిగిలింది. ఇయ్యాల ఆ పడవలు కూడ టూరిస్టుల ఫొటోలకు పనికొస్తున్నయి.

తెల్లారి నేను ఒక్కన్నే మళ్ల కోమో పోయిన. ఈసారి సర్కారు లాంచి ఎక్కిన. కోమో, గార్దా, మజ్జోరె అనే మూడు పెద్ద సరస్సుల మీద లాంచీలు నడిపేది సర్కారు సంస్థనే, 1957 చట్టం కింద. నెమ్మదిగ పోయే లాంచిల కోమో నుంచి బెల్లాజియోకు రెండు గంటలు, టికెట్టు పది యూరోల పైచిలుకు. మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు లెక్క ఈ ఒడ్డుకు ఒక ఊరు, ఆ ఒడ్డుకు ఒక ఊరు ఆగుకుంట పోతది. నా పక్కన కూరగాయల సంచి పెట్టుకొని ఒక ముసలమ్మ. ఎదురుంగ బడి పిలగాండ్లు. పైన టూరిస్టులు.

నిన్నటి గంటల చూసినయన్నీ మళ్ల కనవడ్డయి. చూడనియి కూడ కనవడ్డయి. లెన్నో దగ్గర కొండ కొమ్ము మీద విల్లా బల్బియానెల్లో, దీపిక పెండ్లి జరిగింది ఆడనే. దాని చివరి యజమాని గుయిదో మొన్జీనో. 1973ల ఎవరెస్ట్ ఎక్కిన మొదటి ఇటలీ బృందానికి నాయకుడు. 1988ల సచ్చిపోయెటప్పుడు ఆ బంగ్లాను వారసత్వ కట్టడాలు కాపాడే ఒక సంస్థకు రాసిచ్చిండు. ఇప్పుడు టికెట్టు కొంటే ఎవలైనా లోపలికి పోవచ్చు. త్రెమెజ్జోల విల్లా కార్లొత్తా కూడ అట్లనే జనానికి తెరిచిందే. దొరల బంగ్లాలు జనానికి తెరుచుడు అయ్యే పనే అని ఆడ కండ్లార చూసిన.

ఇంకొకటున్నది, రీళ్లల్ల ఎన్నడూ రాదు. అదే ఒడ్డుకు, ఉత్తరం దిక్కు దోంగో అనే ఊర్లె 1945 ఏప్రిల్ 27న పార్టిజాన్లు ముసోలినిని పట్టుకున్నరు. జర్మన్ సైనికుల బండ్లల్ల, వాళ్ల కోటు తొడుక్కొని పారిపోతుండె. తెల్లారి మెజ్జెగ్రా దగ్గర ఒక బంగ్లా గేటు ముందట కాల్చి చంపిండ్రు. ఇరవై ఏండ్లు దేశాన్ని బూటు కింద పెట్టినోడు ఈ అందమైన గట్టు మీదనే ఒరిగిండు. నిన్నటి గంటల ఈ ఊరిదాక రానే లేదు. లాంచి మాత్రం దాని కిందనుంచే పోయింది.

ప్రైవేట్ అంటే భద్రం అని కూడ అనుకోకుండ్రి. 2023 మే 28న మజ్జోరె సరస్సు మీద ఒక బోటు ఒక్కసారి లేచిన తుఫాను గాలికి బోర్లపడ్డది. 15 మంది ఎక్కాల్సిన దాంట్ల 23 మంది ఉన్నరు. నలుగురు సచ్చిపోయిండ్రు. ఎక్కినోళ్లల్ల చానామంది ఇటలీ, ఇజ్రాయెల్ గూఢచారి సంస్థలోళ్లు. 2021 జూన్‌ల గార్దా సరస్సు మీద ఇద్దరు టూరిస్టులు రాత్రిపూట వేగంగ బోటు నడిపి ఒక చిన్న చెక్క పడవను గుద్దిండ్రు. దాంట్ల ఉన్న ఇద్దరు స్థానికులు పాణం ఇడిసిండ్రు. మన గోదావరి మీద 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోయే బోటు మునిగితే ఎన్ని ఇండ్లల్ల దీపం ఆరిందో యాదికున్నది కదా. నీళ్లకు పెద్దోడు, పేదోడు లేడు. అందుకే ఇటలీల అయినా, పాపికొండల కాడనైనా ఎక్కేముందు మూడు ముచ్చట్లు అడగాలె: బోటు ఎంతమందికి? లైఫ్ జాకెట్లు అందరికి ఉన్నయా? ఇయ్యాల గాలి ఎట్లున్నది? అడిగితే నామోషీ ఏం లేదు.

ఇగ అసలు ముచ్చటకొస్త. మా పిలగాడు ఆ గంటల ముప్పై సెకన్ల రీలు తీసి పెట్టిండు. అది మా ఊర్లకు చేరింది. మూడొద్దులల్ల నలుగురు పోరగాండ్లు వానికి ఫోన్ చేసిండ్రట, ఇటలీకి పోవాలంటే ఏ కన్సల్టెన్సీకి ఎంత కట్టాలని. అండ్ల ఒకని నాయినకు ఉన్నదే రెండెకరాలు. ఆయన నాకే ఫోన్ చేసి, "అమ్ముదామంటున్నడు, నువ్వు చూసొచ్చినవు కదా, ఏం చెయ్యాలె?" అని అడిగిండు.

రీలుల ఏం కనవడదో ఆయనకు చెప్పిన. ఆ పిలగాని నలభై యూరోలు ఒక రాత్రంతా గిన్నెలు కడిగితే వచ్చినయి. రూముల నలుగురుంటరు. నాయిన తెచ్చిన అప్పుకు మిత్తి నెలనెల పెరుగుతున్నది. పిలగాడు మోసగాడు కాదు. ఇంటోళ్లు రందివడొద్దని నవ్వుకుంట కనవడాలె అనుకున్నడు. ఆ నవ్వు చూసి ఇంకొకని ఇంట్ల భూమి అమ్మకానికొచ్చింది. చదువుకు పోవద్దని నేను అనలే. కాలేజీ ఏందో, ఫీజెంతో, స్కాలర్‌షిప్ వస్తదో రాదో, పని దొరుకుతదో లేదో కాయితం మీద రాసుకొని, చదువు కోసమే పొమ్మన్న. పడవ కోసం పోవద్దన్న. లూచియా దొరకెళ్లి తప్పించుకోను పడవెక్కింది. మనం అప్పుజేసి గంటసేపు దొర లెక్క కనవడను ఎక్కుడేంది?

పైసలుండి, సంబురంగ గుత్త పడవ మాట్లాడుకునేటోళ్లను నేను తప్పువట్ట. నడిపేటోనికి కూడ నాలుగు పైసలొస్తయి. లేనోళ్లు సర్కారు లాంచి ఎక్కుండ్రి. లేకుంటే కొలోన్నో నుంచి గ్రియాంతె దాకా సుమారు పది కిలోమీటర్ల కాలిబాట ఉన్నది, గ్రీన్‌వే అంటరు. దానికి రూపాయి ఖర్చు లేదు. అదే సరస్సు, అదే గుట్టలు, అదే గాలి.

మీ దోస్తు ఎవడన్న గిసొంటి రీలు పంపితే లైక్ కొట్టుండ్రి, తప్పు లేదు. తర్వాత ఒక ఫోన్ చేసి, "తిన్నవారా? అప్పు ఎంత తీరింది?" అని కూడ అడుగుండ్రి. రీలు చూసినోళ్లు చానామంది ఉంటరు. ఆ మాట అడిగేటోళ్లే తక్కువ.