ఒక్క పైసా విలువ – కలకత్తా ట్రాము మ్యూజియం

మ్యూజియం అనగానే మనకు రాజుల కత్తులు, శాసనాలు, విగ్రహాలు గుర్తుకొస్తాయి. సామాన్యుడు కొనుక్కున్న టికెట్టును కూడా భద్రంగా దాచిపెట్టిన మ్యూజియం ఒకటుంది. కలకత్తా నడిబొడ్డున ఎస్ప్లనేడ్ ట్రాము డిపోలో 2014లో ప్రారంభించిన ఆ మ్యూజియం పేరు 'స్మరణిక'. అంటే జ్ఞాపిక. పీజీ స్టడీ టూర్‌లో భాగంగా మేము దానిని చూశాము. అక్కడ మొదలుపెట్టి తెలుసుకున్న విషయాలను మన హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు, పూర్వ విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

ఈ మ్యూజియానికి వేరే భవనం లేదు. 1938లో తయారైన రెండు బోగీల ట్రామునే మ్యూజియంగా మార్చారు. ముందు బోగీలో క్యాంటీన్, వెనక బోగీలో ప్రదర్శన. పాత టికెట్లు, పాసులు, సిబ్బంది బ్యాడ్జీలు, ఫొటోలు, ట్రాము నమూనాలు అందులో ఉన్నాయి.

ట్రాము అంటే ఏమిటి?

మనలో చాలామంది ట్రామును సినిమాల్లోనే చూసి ఉంటాము. రోడ్డు మధ్యలో పరిచిన పట్టాల మీద నడిచే చిన్న రైలు లాంటిది ట్రాము. పైన కట్టిన తీగ నుండి కరెంటు తీసుకుంటుంది. ఆ కరెంటు మోటారును నడిపి, పట్టాల ద్వారా తిరిగి వెళ్తుంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద తిరగడం వల్ల రాపిడి తక్కువ, అందువల్ల ఖర్చయ్యే శక్తి కూడా తక్కువ. రోడ్డు మీద పొగ ఉండదు.

మొదట్లో కరెంటు లేదు. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుండి అర్మేనియన్ ఘాట్ వరకు గుర్రాలు లాగే ట్రాము నడిచింది. ప్రయాణికులు చాలక ఆ ఏడాదే ఆగిపోయింది. 1880లో కలకత్తా ట్రామ్‌వేస్ కంపెనీ మళ్లీ మొదలుపెట్టింది. 1902 మార్చి 27న ఎస్ప్లనేడ్ నుండి ఖిదిర్‌పూర్‌కు కరెంటు ట్రాము నడిచింది.

వెనక బోగీ కథ

కలకత్తా ట్రాములో చాలా కాలం రెండు తరగతులు ఉండేవి. ముందు బోగీ ఫస్ట్ క్లాసు, అందులో ఫ్యాన్లు ఉండేవి. వెనక బోగీ సెకండ్ క్లాసు, ఛార్జీ కొంచెం తక్కువ. కూలీలు, చిన్న ఉద్యోగులు, పేద విద్యార్థులు ఎక్కేది వెనక బోగీయే.

1953 జులైలో, ఇంకా బ్రిటిష్ యాజమాన్యం కిందే ఉన్న ఆ కంపెనీ, సెకండ్ క్లాసు ఛార్జీని ఒక్క పైసా పెంచింది. మన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి మూడు నెలల ముందు మాట ఇది. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 పైసలు. అంటే పెరిగింది రూపాయిలో 64వ వంతు. ఇంతదానికే గొడవా అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ రోజూ రెండుసార్లు ఎక్కి దిగేవాడికి, ఇంట్లో నలుగురిని పోషించేవాడికి ఆ పైసా లెక్కే. ప్రయాణికులు పాత ఛార్జీయే ఇస్తామన్నారు. తర్వాత ట్రాములను బహిష్కరించారు. విద్యార్థులు, కార్మికులు, గుమాస్తాలు వీధుల్లోకి వచ్చారు. సమ్మెలు, లాఠీఛార్జీలు, కాల్పులు, అరెస్టులు జరిగాయి. చివరకు ఆ నెలాఖరుకు పెంపును నిలిపివేయక తప్పలేదు. 1967లో ప్రభుత్వం కంపెనీ నిర్వహణను చేతిలోకి తీసుకుంది, 1976లో జాతీయం చేసింది.

మనకేమిటి సంబంధం?

మద్రాసులో ట్రాములు 1953లో, బొంబాయిలో 1964లో ఆగిపోయాయి. కలకత్తాలో కూడా ఒక్క చిన్న మార్గం తప్ప మిగిలినవి ఆపేస్తామని 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి ప్రకటించారు. ట్రాములను కాపాడాలంటూ పౌరులు హైకోర్టుకు కూడా వెళ్లారు.

ఇక మన సంగతి. హైదరాబాదు రాజ్యంలో 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసు నుండే తర్వాత మన ఆర్టీసీ పెరిగింది. ఆ బస్సు, ఆ రాయితీ పాసు లేకపోతే మాలాంటివాళ్లు కాలేజీ గడప తొక్కేవాళ్లమా? ఇంట్లో మొదటి డిగ్రీ మాది. పుస్తకాలకు ఎంత అయ్యిందో మర్చిపోయినా, నెల పాసుకు అమ్మ ఏ డబ్బాలోంచి తీసి ఇచ్చిందో మర్చిపోలేము.

చదువుకు దారి అంటే బడి ఒక్కటే కాదు, బడికి చేర్చే బండి కూడా. రేపు మీలో కొందరు ఆఫీసర్లు అవుతారు, ఛార్జీల ఫైలు మీద సంతకం పెట్టే స్థానంలో కూర్చుంటారు. ఆ రోజు 'ఒక్క రూపాయే కదా' అనే ముందు వెనక బోగీలో నిలబడ్డవాళ్లను ఒక్కసారి తలచుకోండి.