సైకిలు మంచి మందే, దారి ఏదీ?

యునానీలో ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పే ఆరు విషయాలలో శరీరానికి తగిన కదలిక, విశ్రాంతి ఒకటి. కూర్చుని పనిచేసేవారిలో బల్గం, అంటే కఫం పెరిగి ఒళ్లు బరువెక్కుతుంది. వీరికి సైకిలు మంచిది. ఎండ ముదరకముందే, తిన్నది అరిగాకే తొక్కండి. సన్నగా చెమట పట్టి ఆయాసం మొదలవగానే దిగండి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పెడతాయి. గుండెజబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి.

"హకీం సాబ్, ఈ బస్సుల మధ్య ఎలా తొక్కను?" అని ఓ పెద్దాయన అడిగితే జవాబు చెప్పలేకపోయాను. నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి చోటివ్వాలని చెన్నై కార్పొరేషన్ 2014లోనే విధానం చేసింది. 2019లో అద్దె సైకిళ్లు వచ్చాయి, పాండీబజారులో విశాలమైన నడకదారి వచ్చింది. సైకిలుకూ ప్రతి పేటలో అలాంటి దారి ఉండాలి. మందు చెప్పడం నా పని. దారి అడగడం మనందరి పని.