ఉప్పునీటిలో ఈస్టు, కిడ్నీ మార్పిడి మాత్ర

నీటిలో ఉప్పు ఎంత ఉందో చూసుకోకుండా ముత్తుకూరు వైపు రొయ్యల చెరువు నడపడం కుదరదు. రొట్టె పిండిని పొంగించే ఈస్టుకు కూడా ఉప్పు గండమే. ఈ ఒంటికణపు జీవి ఆ గండం ఎలా గట్టెక్కుతుందో తెలిస్తే, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వేసుకునే మాత్ర ఎలా పని చేస్తుందో కూడా తెలుస్తుంది.

ఉప్పు హెచ్చగానే ఈస్టు కణంలో కాల్షియం పెరుగుతుంది. ఎముకల్లో ఉండే కాల్షియమే ఇది, కాని ఇక్కడ దాని పని కబురు మోయడం. అది కాల్మాడ్యులిన్ అనే ప్రోటీనుతో కలిసి కాల్సిన్యూరిన్ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. (పేర్లు నోరు తిరగవు, ఏం చేస్తాం!) కాల్సిన్యూరిన్ క్రజ్-1 అనే మరో ప్రోటీను మీది ఫాస్ఫేటును తీసివేస్తుంది. అప్పుడు క్రజ్-1 కేంద్రకంలోకి వెళ్లి, సోడియంను బయటకు తోసే పంపు తయారయ్యేలా చేస్తుంది.

కణంలో వేల ప్రోటీన్లు ఉండగా క్రజ్-1నే ఎలా పట్టుకుంటుంది? చాకుకు పిడి ఉన్నట్టు, దాని మీద ఆరు అమైనో ఆమ్లాల చిన్న పిడి ఉంది. ఈ పట్టుకు కాల్షియం అవసరం లేదు. కాల్షియం వచ్చాక రెండో పట్టుకు కూడా చోటు తెరుచుకుంటుంది. స్టాన్‌ఫర్డ్‌లో మార్తా సైయర్ట్ బృందం 2007లో ఆ పిడిని మార్చి చూసింది. పట్టు బిగిస్తే క్రజ్-1 పని హెచ్చింది, సడలిస్తే తగ్గింది.

మన తెల్ల రక్తకణాల్లో క్రజ్-1 చేసే పనిని ఎన్‌ఫాట్ చేస్తుంది. దానికీ అలాంటి పిడే. మన ఉస్మానియాలో చదివిన అంజనా రావు బృందం 1999లో అంతకంటే గట్టిగా అతుక్కునే కృత్రిమ పిడిని తయారు చేసి, ఎన్‌ఫాట్‌కు పట్టు దొరకకుండా చేసింది.

సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ కణంలోని మరో ప్రోటీనుతో జతకట్టి, ఆ రెండో పట్టు చోటును మూసివేస్తాయి. ఎన్‌ఫాట్ కదలదు, తెల్లకణాలు కొత్త కిడ్నీ మీదికి దండెత్తవు. ఇవే మందులు ఈస్టుకు ఇస్తే అది ఉప్పును తట్టుకోలేదు.

"బాగానే ఉన్నాను కదా" అని మాత్ర మానితే తెల్లకణాలు మళ్లీ మేలుకుంటాయి, కిడ్నీ పోవచ్చు. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ రక్తంలో ఈ మందును పెంచుతుంది, క్షయకు వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. అందుకే మందుల షాపులో ఏది కొన్నా ముందు మీ డాక్టరుకు చెప్పండి. మందు స్థాయి పరీక్షకు వచ్చే రోజు ఉదయం మాత్ర వేసుకోకుండా, వెంట తెచ్చుకోండి. రక్తం ఇచ్చాక వేసుకోవచ్చు.