మంచు దారికి... మన ఊరి నుంచే!

పొందూరు ఖద్దరు గొప్పదనం గురించి శ్రీకాకుళం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, చేత్తో వడికి, చేత్తో నేసే ఆ బట్టకు గాంధీజీ అంతటివారే ముచ్చటపడ్డారు. ఎండాకాలంలో చెమట పీల్చుకుంటుంది, ఒంటికి చల్లగా ఉంటుంది. కానీ, మంచుకొండల్లో నాలుగైదు రోజులు నడవడానికో, స్కీల మీద సాగడానికో బయల్దేరేవారు సంచిలోంచి ముందుగా తీసి పక్కన పెట్టాల్సింది దాన్నే! పొందూరు ఖద్దరనే కాదు, నూలుబట్ట ఏదైనా అంతే. ఎండలో మేలు చేసే గుణమే చలిలో ప్రాణాల మీదికి తెస్తుంది. చెమటకు తడిసిన బనీను అక్కడ ఆరదు. గాలి తగిలేసరికి ఒంట్లోని వేడినంతా లాగేస్తుంది.

చినుకు తప్ప మంచు రాలని విజయనగరం, శ్రీకాకుళాల్లో ఈ మాటలు ఎందుకంటారా? మన నేలకూ మంచుకూ ఉన్న బంధం కాస్త పాతదే. విజయనగరానికి కూతవేటు దూరంలో, రాజావారి కోటలో 1962లో మొదలైన కోరుకొండ సైనిక్‌ స్కూల్‌ అందుకు సాక్షి. అక్కడ చదువుకున్న లెఫ్టినెంట్‌ ఎం.ఉదయభాస్కరరావు 1985లో సైన్యం చేపట్టిన ఎవరెస్ట్‌ యాత్రలో ప్రాణాలు కోల్పోయారు. ఆ యాత్రలో బలైన సైనికాధికారులు మొత్తం ఐదుగురు. స్కూల్లో ఆయన విగ్రహాన్ని చూస్తూ పెరిగిన నెల్లూరు జిల్లా కుర్రాడు మల్లి మస్తాన్‌బాబు. 2006లో జనవరి 19 నుంచి జులై 10 దాకా, అంటే 172 రోజుల్లో, ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలనూ ఎక్కేశాడు. నెలకొకటి చొప్పున!

శిఖరాలు ఎక్కడం అందరికీ కుదిరే పని కాదు. అందరికీ అక్కర్లేదు కూడా. కానీ ఉద్యోగానికి ఓ వారం సెలవు పెట్టి, మంచులో ఒక బస నుంచి మరో బసకు సాగే ప్రయాణం... ఆరోగ్యంగా ఉన్న ఎవరైనా కలగనొచ్చు.

కాశీ మజిలీల్లాగే!

ఈ పద్ధతి మనకు తెలియంది కాదు. రైళ్లు లేని రోజుల్లో కాశీకి వెళ్లినవారు సత్రం నుంచి సత్రానికి నడిచినవారే. 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య మర్నాటి ఏడాది జగన్నాథం మీదుగా తిరిగొస్తూ మన సికాకోలు సీమను దాటింది అలా మజిలీలు చేసుకుంటూనే. యూరప్‌ వాళ్లు అదే పనిని మంచులో చేస్తారు. ఫ్రాన్సులోని షామొనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌ దాకా సాగే ‘హోట్‌ రూట్‌’ ఇందులో పేరున్నది. పగలు స్కీల మీద హిమానీనదాలు దాటడం, మధ్యాహ్నానికల్లా కొండమీది బసకు చేరడం, వేడి సూపు తాగి పడుకోవడం... మళ్లీ తెల్లారకముందే లేవడం. సాధారణంగా ఆరేడు రోజులు పడుతుంది.

నార్వేది మరో ముచ్చట. అక్కడ 1868లో పుట్టిన పర్యాటక సంఘానికి దేశమంతటా 550కి పైగా బసలున్నాయి. వాటిలో చాలావాటికి కాపలాదారే ఉండడు. సభ్యుల దగ్గరుండే తాళంచెవితో తలుపు తీసుకోవాలి, పొయ్యి వెలిగించుకోవాలి, అలమరాలోని డబ్బాలు తీసి వండుకోవాలి. ఏం వాడారో కాగితం మీద రాసి, డబ్బు కట్టేయాలి. వెళ్లేముందు గిన్నెలు కడిగి, తర్వాత వచ్చేవాళ్లకు కట్టెలు సర్దిపెట్టాలి. అడిగేవాళ్లుండరు. అయినా నడుస్తోంది!

మనవాళ్లు అంత దూరం వెళ్లనక్కర్లేదు. డార్జిలింగ్‌ దగ్గర మానేభంజాంగ్‌ నుంచి టోంగ్లూ మీదుగా 3,636 మీటర్ల సందక్‌ఫూకు, అక్కణ్నుంచి ఫాలుట్‌కు సాగే దారిలో యాత్రికుల బసలున్నాయి. గువాహటి వైపు వెళ్లే కొన్ని రైళ్లు మన జిల్లాల మీదుగానే న్యూజల్‌పాయిగురి చేరతాయి. చలికాలంలో ఆ దారిలో మంచు పడొచ్చు. కాబట్టి తొలి ప్రయాణానికి ఇదే మేలు. స్కీయింగే కావాలంటే ముందు నేర్చుకోవాలి. గుల్మార్గ్‌లోని కేంద్రప్రభుత్వ సంస్థ రెండు వారాల కోర్సు నడుపుతుంది. పర్వతారోహణకైతే డార్జిలింగ్‌, ఉత్తరకాశీల్లో 28 రోజుల ప్రాథమిక కోర్సులున్నాయి.

స్కీలంటే జారడమే అనుకుంటారు చాలామంది. బస నుంచి బసకు వెళ్లే దారిలో ఎక్కువ సమయం ఎక్కడానికే పోతుంది. అందుకోసం స్కీల అడుగున ‘స్కిన్‌’ అనే నూగు పట్టీ అంటిస్తారు. ఒకప్పుడు సీల్‌ చర్మంతో చేసేవారు కాబట్టి ఆ పేరు. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టుకుంటుంది. ఎక్కేటప్పుడు బూటు మడమ లేచేలా వదులుగా ఉంచుతారు. దిగేటప్పుడు పట్టీలు పీకి, మడమ బిగిస్తారు. అంటే రోజుకు ఐదారు గంటలు మెట్లెక్కినంత పని. ఆ పనికి కాళ్లను తయారుచేయడానికి మంచు అక్కర్లేదు.

కొండ ఉంది... సముద్రం ఉంది!

మూడు నెలల ముందు మొదలుపెట్టాలి. విజయనగరం వాళ్లకు రామతీర్థం బోధికొండ మెట్లున్నాయి. శృంగవరపుకోట వాళ్లకు పుణ్యగిరి ఉంది. టెక్కలి, పలాస వైపు వాళ్లకు మందస అవతల, ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల మహేంద్రగిరే ఉంది. ఎత్తు మాట అటుంచితే, ఎక్కుతూ దిగుతూ రోజంతా గడపడానికి అంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల లేదు. కొండ దూరమైనవాళ్లకు నాలుగంతస్తుల మేడ మెట్లూ పనికొస్తాయి. చూసినవాళ్లు ఏమనుకుంటారోనన్న బిడియమొక్కటి వదిలేస్తే చాలు.

మొదటి వారాల్లో వీపు మీద నాలుగైదు కిలోలు చాలు. బసల్లో పడక, తిండి దొరుకుతాయి కాబట్టి అసలు ప్రయాణంలోనూ సంచి పది కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి నెలనెలా పెంచుతూ అక్కడికి చేరాలి. బరువుకు ఇటుకలూ రాళ్లూ వద్దు, నీళ్ల సీసాలు పెట్టుకోవాలి. కొండెక్కాక ఆ నీళ్లు పారబోసి ఖాళీ సంచితో దిగితే మోకాళ్లు బతికిపోతాయి. ఆఖరి నెలలో మాత్రం బరువుతోనే దిగాలి. ఎందుకంటే తొడలు కూలిపోయేది దిగేటప్పుడే.

వారానికో రోజు కళింగపట్నంలోనో బారువలోనో సముద్రపొడ్డున పొడి ఇసకలో గంటసేపు నడిస్తే, మెత్తటి మంచులో అడుగు దిగబడితే ఎలా ఉంటుందో పిక్కలకు కాస్త అర్థమవుతుంది. అచ్చం అలాగే ఉంటుందని కాదు. ఇసకైతే కనీసం వెచ్చగా ఉంటుంది!

అన్నిటికన్నా ముఖ్యం పాదాలు. పుట్టినప్పట్నుంచీ చెప్పులేసుకుని తిరిగిన మన పాదాలు విచ్చుకుని వెడల్పుగా ఉంటాయి. బిగుతు బూట్లలో రెండో రోజుకే బొబ్బలెక్కుతాయి. స్కీలూ, కర్రలూ శిక్షణ సంస్థలే ఇస్తాయి కాబట్టి కొనక్కర్లేదు. నడక బూట్లు మాత్రం సొంతవి ఉండాలి. కనీసం రెండు నెలల ముందు కొని, ప్రయాణంలో వాడే ఊలు మేజోళ్లతోనే అలవాటు చేసుకోవాలి.

ఉల్లిపొరల లెక్క

నూలు వద్దంటే మరేం తొడగాలి? ఒక్క లావుపాటి కోటు కన్నా నాలుగు పలుచని పొరలు మేలు. ఒంటికి తగిలేది ఊలుదో పాలిస్టరుదో, దానిపైన ఫ్లీస్‌, ఆగినప్పుడు తొడుక్కోవడానికి దూదిలా తేలికైన ఈకల కోటు, అన్నిటిపైనా గాలినీ తడినీ ఆపే జాకెట్టు. వేడెక్కితే ఒకటి తీసేయాలి, ఆగితే వెంటనే తొడుక్కోవాలి.

మనవాళ్లు తడబడేది ఇక్కడే. చలికి అలవాటు లేదుగా... తెల్లారుజామున బస తలుపు తీయగానే ఉన్నవన్నీ తొడిగేస్తారు. పావుగంట ఎక్కేసరికి లోపలంతా చెమట. అరగంట తర్వాత గాలి మొదలైతే ఆ చెమటే పగ పడుతుంది. కొంచెం చలేస్తుండగానే నడక మొదలుపెట్టాలన్నది కొండల్లో తిరిగేవాళ్ల అనుభవం. మంకీక్యాప్‌ను చూసి నవ్వేవాళ్లను నవ్వనివ్వండి, అది పెట్టుకోండి. చేతొడుగులు రెండు జతలుండాలి. గాలికి ఒకటి కొట్టుకుపోతే వేళ్లే పోతాయి.

కళ్లద్దాలు సోకు కోసం కాదు. కొత్త మంచు తన మీద పడే అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. నల్లద్దాలు లేకుండా ఒక్క పగలు తిరిగితే ఆ రాత్రి కళ్లలో ఇసక పోసినట్టే.

సంచిలో పలాస, భీమాలి

తిండి విషయంలో ఉత్తరాంధ్ర వాళ్లు ఎవరికీ తీసిపోరు. చలిలో నడిచేవారికి తక్కువ బరువులో ఎక్కువ శక్తినిచ్చేవి కావాలి. పలాస జీడిపప్పు కన్నా ఏముంది? నేతితో చుట్టిన సున్నుండలు కాస్త గట్టిపడినా చెడిపోవు. భీమాలి మామిడి తాండ్రను ముందే చిన్నముక్కలు కోసి జేబులో వేసుకోవాలి. మొత్తం చాపను సంచి అడుగున పెడితే అది గడ్డకట్టి పలకైపోతుంది, పన్ను దిగదు. చోడిపిండి వేయించి, బెల్లం పొడి కలిపి తీసుకెళ్తే బసలో వేడినీళ్లు పోసుకుని తాగొచ్చు. ఇంటి దగ్గర చోడి అంబలి వద్దని మొహం తిప్పుకొనేవాళ్లు కూడా అక్కడ గ్లాసు నాకేస్తారు!

ఆకలేసేదాకా ఆగకూడదు. గంటకోసారి రెండు పలుకులైనా నోట్లో వేసుకోవాలి. నీళ్లూ అంతే. చలికి దాహం తెలీదు. సీసాను తలకిందులుగా పెడితే గడ్డ అడుగువైపు కడుతుంది, మూత దగ్గర నీళ్లు మిగులుతాయి. సెల్‌ఫోన్‌ను చొక్కా లోపలి జేబులో ఉంచాలి. చలికి బ్యాటరీ గంటల్లో నీరసించిపోతుంది.

వెనక్కి తిరగడమూ నేర్చుకోవాలి

ఇంతవరకూ చెప్పిందంతా తేలిక. డబ్బూ ఓపికా ఉంటే చాలు. అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది.

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఆగాలి. సముద్రమట్టం నుంచి వెళ్లే మనలాంటివారికి ఇది మరీ అవసరం. తలనొప్పి, వాంతులు మొదలైతే పైకి అడుగు వేయకూడదు. తగ్గకపోతే కిందికి దిగాల్సిందే, ముహూర్తం చూసుకోనక్కర్లేదు.

రెండోది, విరిగిపడే మంచు చరియలు. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఎక్కువగా జారతాయి. కొత్తగా మంచు కురిసిన మర్నాడు, గాలి మంచును మోసుకొచ్చి పోసినచోట మరీ ప్రమాదం. అలాంటి వాలుల్లో స్కీలు చేసేవారి దగ్గర మూడు పరికరాలు ఉండి తీరాలి. కూరుకుపోయినవారి జాడ చెప్పే ట్రాన్సీవర్‌, లోతు చూసే పొడవాటి ఊచ, తవ్వే పార. మంచు కింద పడ్డవారికి మొదటి పది పదిహేను నిమిషాలే కీలకం. ఆ తర్వాత ఆశ చకచకా సన్నగిల్లుతుంది. కింది ఊరి నుంచి సాయం వచ్చేలోపు ఆ సమయం అయిపోతుంది కాబట్టి తవ్వాల్సింది పక్కనున్న స్నేహితుడే. అంటే పరికరం కొంటే సరిపోదు, ముగ్గురు నలుగురు కలిసి పదేపదే వెతకడం సాధన చేయాలి. ఒకరు ట్రాన్సీవర్‌ను ఇసకలో పాతిపెట్టి, మిగతావాళ్లు వెతికే ఆట బారువ తీరంలోనూ ఆడొచ్చు.

శిక్షణ ఉంటే ప్రమాదం రాదనుకోవడానికీ లేదు. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద చరియ విరిగి పాతికమందికి పైగా చనిపోయారు. వాళ్లు ఉత్తరకాశీ సంస్థలో కోర్సు చేస్తున్నవారు, వాళ్లకు నేర్పుతున్నవారు. 2023 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లోని అఫర్వాత్‌ దగ్గర చరియ కింద ఇద్దరు పోలండ్‌ స్కీయర్లు ప్రాణాలు కోల్పోయారు.

నార్వేలో 1967 ఈస్టర్‌ సెలవుల్లో కొండల్లో 18 మంది చనిపోయాక అక్కడి పర్వత నియమాలు ఇంటింటికీ చేరాయి. దారి ముందే నిర్ణయించుకుని ఎవరికైనా చెప్పి వెళ్లాలన్నది వాటిలో ఒకటి. వెనక్కి తిరగడం సిగ్గుపడే విషయం కాదన్నది మరొకటి. ఈ రెండోది మన మత్స్యకారులకు ఎవరూ నేర్పక్కర్లేదు. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగిరితే తెప్పలన్నీ ఒడ్డునే ఉంటాయి. వేటకెళ్లలేదని ఎవరూ వెక్కిరించరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పరిసరాలను ఎలా ఊడ్చేసిందో చూసినవాళ్లకు గాలితో పందెం వేయాలనిపించదు. చిక్కల్లా సెలవు పెట్టి, టిక్కెట్లు కొని, దండలేయించుకుని వెళ్లిన యాత్రికుడితోనే! ‘ఇంతదాకా వచ్చాం కదా’ అన్న ఒక్కమాట చాలామందిని ముందుకు నెడుతుంది. అందుకే ఏ గంట కొడితే వెనక్కి తిరగాలో బయల్దేరకముందే, బసలో వెచ్చగా కూర్చున్నప్పుడే, అందరూ కలిసి తేల్చుకోవాలి.

మస్తాన్‌బాబు కథ ముగిసింది 2015లో. అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఆండీస్‌ పర్వతాల్లోని ట్రెస్‌ క్రూసెస్‌ సూర్‌ శిఖరానికి ఒంటరిగా బయల్దేరిన ఆయనతో మార్చి 24న సంబంధాలు తెగిపోయాయి. రెండు దేశాల్లో గాలింపు జరిగింది. ఏప్రిల్‌ మొదట్లో మృతదేహం దొరికింది. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. ఏడు ఖండాలు చూసినవాడు, మంచును మనందరికన్నా ఎక్కువ తెలిసినవాడు. తప్పు ఎక్కడ జరిగిందని దూరాన కూర్చుని తీర్పు చెప్పడం తేలికే కానీ న్యాయం కాదు. ఒక్కటి మాత్రం గమనించాలి. ఎంత తెలిసినవారికైనా మాట రావడం ఆగిపోయాక వెతకడం మొదలుపెట్టాల్సింది కింద ఉన్నవాళ్లే. వాళ్ల చేతిలో ఏముందన్నదాన్ని బట్టే వెతుకులాట నడుస్తుంది.

కాబట్టి సంచి సర్దడం అయ్యాక ఇంకో అరగంట మిగుల్చుకోవాలి. ఒక తెల్లకాగితం తీసుకుని తేదీలవారీగా ఏ రాత్రి ఏ బసలో ఉంటారో రాయాలి. దారి, తోడున్నవాళ్ల పేర్లు, వాళ్ల ఇళ్ల నంబర్లు, గైడు నంబరు, బసల నంబర్లు, జాకెట్టు రంగు, రక్తం గ్రూపు, వాడుతున్న మందులు. చివరగా, ఏ రోజు ఎన్ని గంటల దాకా ఫోను రాకపోతే కంగారుపడక్కర్లేదో, ఏ గంట దాటితే ఎవరికి ఫోను చేయాలో. రెండు ప్రతులు తీసి ఒకటి ఇంట్లో ఫ్రిజ్‌ తలుపుకు అంటించి, రెండోది ఊళ్లో ఉండే స్నేహితుడికి ఇవ్వాలి. అమ్మ కంగారుపడుతుందని కొందరు ఆ చివరి వాక్యం రాయరు. రాయండి. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.